పెట్టెలో పెట్టిన డిస్క్ పలకనప్పుడు

ప్రశ్న: మదర్‌బోర్డు పాడైన నా పాత ల్యాప్‌టాప్ నుంచి 2.5 అంగుళాల హార్డ్ డిస్క్‌ను బయటికి తీసి, కొత్తగా కొన్న యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డిస్క్‌ను యూఎస్‌బీ ద్వారా తగిలించే పెట్టెలో) బిగించాను. కంప్యూటర్‌కు తగిలించగానే ఎన్‌క్లోజర్ మీద లైటు వెలుగుతోంది కానీ డ్రైవ్ కనిపించడం లేదు. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా టిక్కుటిక్కుమంటోంది. ఒకే ఒక్కసారి డ్రైవ్ కనిపించి, ఫార్మాట్ చేయమని అడిగింది. చేస్తే బాగవుతుందని స్నేహితులు అంటున్నారు. పదేళ్ల ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ఫార్మాట్ మాత్రం చేయకండి. విండోస్ అలా అడిగిందంటే ఆ డిస్క్‌లోని ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఫైళ్లను అమర్చిన పద్ధతిని, అది చదవలేకపోయిందని అర్థమే తప్ప, ఫార్మాట్ చేస్తే జబ్బు నయమవుతుందని కాదు. చదవలేకపోవడానికి కరెంటు చాలకపోవడం మొదలుకొని డిస్క్ లోపలి భాగాలు దెబ్బతినడం దాకా ఎన్నో కారణాలు ఉండవచ్చు. ల్యాప్‌టాప్‌లో లినక్స్ వాడి ఉంటే, డిస్క్ నిక్షేపంగా ఉన్నా సరే, విండోస్ ఇదే ప్రశ్న వేయవచ్చు. 'ఇనిషియలైజ్' చేయమని అడిగినా రద్దు చేసి బయటికి రండి.

ఇక లైటు సంగతి. ఎన్‌క్లోజర్‌లో సాటా (డిస్క్‌ను కంప్యూటర్ లోపల కలిపే పద్ధతి) సంకేతాలను యూఎస్‌బీ సంకేతాలుగా మార్చే చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి ఉంటుంది. దానిని బ్రిడ్జ్ అంటారు. లైటు వెలగడం ఆ బోర్డుకు కరెంటు అందిందనడానికి సాక్ష్యమే గానీ, డిస్క్ తిరుగుతోందనడానికి కాదు. కాబట్టి తప్పు పెట్టెదా, డిస్క్‌దా అన్నది ముందు తేల్చుకోవాలి. చాలామంది ఈ పని చేయకుండానే డిస్క్ పోయిందని నిర్ణయించేసుకుంటారు.

మీ విషయంలో నేను మొదట అనుమానించేది కరెంటునే. 2.5 అంగుళాల డిస్క్ 5 వోల్టులతోనే పనిచేస్తుంది. తిరగడం మొదలయ్యాక దానికి పెద్దగా కరెంటు అవసరం ఉండదు. అయితే లోపల ఆగి ఉన్న, డేటా దాచే గుండ్రటి పళ్లేలను నిమిషానికి 5,400 చుట్ల వేగానికి తెచ్చే ఆ కొన్ని సెకన్లలో అది సుమారు 1 ఆంపియర్ దాకా లాగవచ్చు. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇవ్వవలసింది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్ట్ ఇవ్వవలసింది 900 మాత్రమే. చాలా పోర్టులు అంతకు మించి ఇస్తాయి కనుక పని జరిగిపోతోంది. ఇవ్వలేనప్పుడు మోటారు తిరగబోయి ఆగుతుంది, మళ్లీ తిరగబోతుంది. మీకు వినిపించే శబ్దం అదే కావచ్చు. అందువల్ల ఒక పోర్టును పలు పోర్టులుగా చేసే హబ్ వాడుతుంటే దాన్ని పక్కన పెట్టి, డెస్క్‌టాప్ అయితే వెనుక వైపున్న పోర్టుకే, పొట్టి కేబుల్‌తో తగిలించి చూడండి. సన్నని పొడవాటి కేబుల్‌లో వోల్టేజ్ దారిలోనే కొంత పడిపోతుంది. అప్పటికీ తిరగకపోతే సొంత అడాప్టర్ ఉన్న హబ్ గానీ, రెండు పోర్టుల నుంచి కరెంటు తీసుకునే వై ఆకారపు కేబుల్ గానీ వాడండి. 3.5 అంగుళాల డిస్క్‌కైతే 12 వోల్టులు కూడా కావాలి గనుక అడాప్టర్ లేని పెట్టె దానికి పనికిరాదు.

తరువాత, కేబుల్ ఊడదీసి మూత తెరిచి, డిస్క్ కనెక్టర్‌లోకి పూర్తిగా దిగిందో లేదో చూడండి. సాటా డిస్క్‌కు డేటా కోసం 7 పిన్నులు, కరెంటు కోసం 15 పిన్నులు పక్కపక్కనే ఉంటాయి. 9.5 మిల్లీమీటర్ల మందం కోసం చేసిన పెట్టెలో 7 మిల్లీమీటర్ల డిస్క్‌ను పెడితే అది వదులుగా ఊగుతుంది. ఆ కాస్త ఊగిసలాటకే పిన్నులు ఒకసారి తగులుతూ ఒకసారి తగలకుండా పోతాయి. పెట్టెతో పాటు వచ్చే స్పాంజి ముక్కను చాలామంది పారేస్తారు. దాని పనే ఈ ఖాళీని నింపడం. వీలైతే మరొక డిస్క్‌ను ఈ పెట్టెలో పెట్టి చూడండి, లేదా ఈ డిస్క్‌ను ఏదైనా డెస్క్‌టాప్‌లోని సాటా కేబుల్‌కు నేరుగా తగిలించి చూడండి. తప్పు ఎవరిదో ఈ ఒక్క పరీక్షతోనే సాధారణంగా తేలిపోతుంది.

డిస్క్ తిరుగుతూ కూడా కనిపించకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. విండోస్ కీతో పాటు ఎక్స్ నొక్కితే వచ్చే జాబితాలో అది ఉంటుంది. అక్కడ పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) మామూలుగా ఉండి డ్రైవ్ అక్షరం మాత్రమే లేకపోతే, అక్షరం కేటాయిస్తే చాలు. డిస్క్ పేరు కనిపించి 'నో మీడియా' అని ఉంటే, బ్రిడ్జ్ పలుకుతోంది, డిస్క్ పలకడం లేదు. 'రా' (RAW, అంటే ఫైల్ సిస్టమ్‌ను గుర్తుపట్టలేదని) అని ఉంటే ముందుగా డిస్క్ మొత్తానికీ నకలు తీసుకోవాలి. డీడీరెస్క్యూ వంటి ఉచిత సాధనం చదవగలిగిన భాగాలను ముందు చదివి, మొరాయించే చోట్లకు తరువాత వస్తుంది. విండోస్‌లోని డిస్క్ మరమ్మతు సాధనమైన చెక్‌డిస్క్‌ను అసలు డిస్క్ మీద నడపకండి. అది సరిచేయబోయి రాసే రాతలే మీ ఫొటోలకు ముప్పు తేవచ్చు. ఒకవేళ తాళం గుర్తుతో డ్రైవ్ కనిపిస్తే అది డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ సదుపాయమైన బిట్‌లాకర్ పని. దాని 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రపరచి ఉందేమో చూడండి.

కరెంటు పుష్కలంగా అందుతున్నా, నేరుగా సాటాకు తగిలించినా ఆ టిక్కుటిక్కు ఆగకపోతే, పళ్లేల మీది డేటాను చదివే రీడ్ హెడ్ దెబ్బతిన్నదని అనుమానించవలసిందే. అప్పుడు 'ఇంకొక్కసారి' అని తగిలించకుండా, డేటా రికవరీ నిపుణులకే అప్పగించండి. డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెట్టి తీసే చిట్కా ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. చల్లబడిన పళ్లేల మీద చెమ్మ చేరడం తప్ప దానివల్ల మేలు లేదు.

ప్రశ్న: 3 టెరాబైట్ల డిస్క్‌ను నా పాత ఎన్‌క్లోజర్‌లో పెడితే 746 జీబీ మాత్రమే చూపిస్తోంది. నకిలీ డిస్క్ అంటగట్టారా?

జవాబు: అంటగట్టలేదు, మీరు చెప్పిన అంకే దానికి సాక్ష్యం. పాత బ్రిడ్జ్‌లు డిస్క్‌లోని సెక్టార్లను (డేటా రాసే చిన్న గళ్లను) 32 బిట్ల సంఖ్యతో లెక్కపెడతాయి. ఒక్కొక్కటి 512 బైట్ల చొప్పున ఆ లెక్క సుమారు 2.2 టెరాబైట్ల దగ్గర పూర్తయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మూడింటిలో అది పోగా మిగిలేది 0.8 టెరాబైట్లు, విండోస్ లెక్కలో అదే 746 జీబీ. పెట్టె మార్చడమే మార్గం. మార్చేదాకా ఆ డిస్క్ మీద ఏమీ రాయకండి. కొత్త పెట్టెలో పార్టిషన్ పట్టికగా ఎంబీఆర్‌ను కాక జీపీటీని ఎంచుకోండి, ఎందుకంటే 512 బైట్ల సెక్టార్ల డిస్క్‌లో ఎంబీఆర్‌కు కూడా అదే హద్దు ఉంది.

ప్రశ్న: రెడీమేడ్ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఒకటి యూఎస్‌బీ పోర్ట్ విరిగి మూలన పడింది. లోపలి డిస్క్‌ను తీసి వేరే ఎన్‌క్లోజర్‌లో వేసుకోవచ్చా?

జవాబు: తెరిచి చూస్తే గానీ చెప్పలేము. చిన్న డ్రైవ్‌లు కొన్నింటిలో యూఎస్‌బీ పోర్ట్‌ను డిస్క్ బోర్డు మీదే నేరుగా అతికిస్తారు. సాటా కనెక్టరే ఉండదు గనుక పెట్టె మార్చే అవకాశం లేదు. సాటా ఉన్నవాటిలోనూ కొన్ని, మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా, బ్రిడ్జ్ దగ్గరే డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి (ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి) రాస్తాయి. అలాంటి డిస్క్ వేరే పెట్టెలో ఖాళీగానో చెత్తగానో కనిపిస్తుంది. కాబట్టి విరిగిన పోర్ట్ ఉన్న ఆ పాత బోర్డును పారేయకండి. డేటా ముఖ్యమైతే దాని మీదే కొత్త పోర్ట్ అతికించగల మెకానిక్‌ను వెతకడం మేలు.