ఆ మామిడిపండ్ల ప్లేటు మీరు మోయకండి

డాలస్ నుంచి ఒకావిడ రాశారు. 1967 నాటి ఎంజీబీ స్పోర్ట్స్ కారు, కదలని స్థితిలో ఉన్నదాన్ని, కొడుకుతో కలిసి బాగుచేద్దామని ఆవిడ భర్త రెండేళ్ల కిందట కొన్నారట. అబ్బాయికి ఇప్పుడు 16. మూడు వారాలుగా తండ్రీకొడుకులకు మాటల్లేవు. గరాజ్ అంతా ఆ బండిదే కావడంతో ఈవిడ కారు బయట వడగళ్లకు సొట్టలు పడుతోంది. "దాన్ని అమ్మేయమని ఆయనకు ఎలా చెప్పాలి?" అన్నది ప్రశ్న.

చూడండమ్మా, అమ్మకం సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. సగం విప్పిన కారుకు ఎవరూ మంచి ధర ఇవ్వరు, నడిచేదానికి ఇస్తారు. 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా తయారైన బండి, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, కొంప మునిగిందేం లేదు.

నేను ఆగిపోయింది ఉత్తరం మధ్యలో మీరు ఏదో చిన్న విషయంలా రాసిన నాలుగు లైన్ల దగ్గర. ఆ కారుకు రెండు ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగాలు, రెండూ సమానంగా గాలి పీల్చకపోతే ఇంజిన్ కుంటుతుంది. మీ వాడు శనివారమంతా రబ్బరు గొట్టం ఒక కొస చెవికీ, రెండో కొస కార్బురేటర్ మూతికీ పెట్టుకుని, ఆ 'స్‌స్' చప్పుడు రెండింట్లోనూ ఒకేలా వినిపించేదాకా మరలు తిప్పుతూ కూర్చున్నాడు. పెట్రోలు పాళ్లు సరిచేసే కింది నట్టు కదిలితే తెలియాలని మీ నెయిల్ పాలిష్ అడిగి తీసుకెళ్లి దానిమీద ఎర్రగీత పెట్టాడు. మర్నాడు పొద్దున చూస్తే గీత పక్కకు తిరిగి ఉంది. "అది నీ కారే నాన్నా" అని చేతులు కడుక్కుని లోపలికి వచ్చేశాడు.

ఆ శనివారం రాత్రే ఆయన మీటరు పెట్టి మళ్లీ సరిచేస్తుంటే, కాఫీ ఇవ్వడానికి వెళ్లిన మీరు చూశారు. గొడవెందుకని ఊరుకున్నారు. పైగా పిల్లాడు అడిగితే "నాన్నెందుకు ముట్టుకుంటారురా, అదే కదిలి ఉంటుంది" అన్నారు!

ఇది నాకు తండ్రీకొడుకుల గొడవలా కనిపించడం లేదు, మీ భార్యాభర్తల అలవాటు ఇది. ఆయన ఏదో ఒకటి చేస్తారు, మీరు దాని మీద గుడ్డ కప్పుతారు. "నాన్నకు నువ్వంటే ప్రాణంరా" అని వాడికీ, "చిన్నపిల్లాడండీ, వదిలేయండి" అని ఆయనకూ చెప్పుకుంటూ పదహారేళ్లుగా మీరే తపాలా మోస్తుంటే, ఆయన నోటి నుంచి వాడు నేరుగా విన్న మంచి మాట ఒక్కటైనా ఉందా?

చిన్నప్పుడు తెనాలిలో మీ మామగారు అంబాసిడర్ బానెట్ ఎత్తితే ఈయన్ని దగ్గరికి రానిచ్చేవారు కాదని, అందుకే ఇంత ఆరాటమని రాశారు. తమాషా ఏంటంటే ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిను, ఆనాటి అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజిను ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ కుటుంబానివి. డాలస్ దాకా వెళ్లి మనిషి తన నాన్న బానెట్టే తెరుచుకున్నాడు. జాలి వేసింది. కానీ అలా తోసేస్తే ఎంత గుచ్చుకుంటుందో తెలిసినవాడే కొడుకు పడుకున్నాక దొంగచాటుగా ఆ పని చేస్తే, ఆ జాలితో సరిపెట్టలేను.

ఈ రాత్రే ఆయనతో "నేను చూశాను, వాడితో అబద్ధమాడాను, ఆ మాట ఇప్పుడే వెళ్లి వాడికి చెప్పేస్తున్నాను" అనండి. చెప్పేయండి కూడా. మీ వంతు వరకే, ఆయన వంతు కాదు. మన ఇళ్లలో నాన్నలు సారీ చెప్పరు, మామిడిపండ్లు కోసి ప్లేటులో పెట్టి అమ్మ చేత పంపిస్తారు. ఆ ప్లేటు మాత్రం పట్టుకెళ్లకండి. ఆయనే వెళ్లి తలుపు కొట్టి "నట్టు తిప్పింది నేనే" అనాలి. ఆపైన వాడు గరాజ్‌కు వస్తాడో రాడో వాడిష్టం, పదహారేళ్లవాడికీ పౌరుషం ఉంటుంది.

వస్తే గనక గొట్టం వాడి చెవికే ఉండాలి, మీటరు డబ్బాలో ఉండాలి, ఇంజిన్ కాస్త కుంటినా సరే. మీరు ఆ పూట కాఫీ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్లకండి. కావాలంటే ఇద్దరూ వంటింట్లోకి వచ్చి తాగుతారు.