జే ట్యూబులో రాగిజావ ఎందుకు అడ్డుపడుతోంది?

అన్నవాహిక ఆపరేషన్ అయి చెన్నై అడయార్‌లో రూము తీసుకుని ఉన్న మీ నాన్నగారికి జే ట్యూబులో (పొట్ట గోడలోంచి నేరుగా పేగులోకి వేసే ఆహారపు గొట్టం) రాగిజావ పోస్తుంటే అడ్డుపడుతోందనీ, విరేచనాలవుతున్నాయనీ రాశారు. కంగారు పడకండి, ముందు జావ ఆపండి.

ఆ ట్యూబు చివర ఉండేది కడుపులో కాదు, చిన్నపేగులో. కడుపైతే గ్లాసుడు పట్టి ఉంచి కొంచెం కొంచెంగా వదులుతుంది. పేగుకి ఆ వెసులుబాటు లేదు. సిరంజితో 200 మి.లీ. ఒక్కసారిగా తోస్తే నొప్పి, చెమటలు, నీళ్ల విరేచనాలు. ఫీడింగ్ బ్యాగు వేలాడదీసి చుక్కలుగా ఇవ్వండి, వేగం డైటీషియన్ చెప్పినట్టు పెంచండి. జావ చల్లారేకొద్దీ చిక్కబడి సన్నగొట్టంలో పేరుకుంటుంది. పైగా అందులో ప్రోటీను తక్కువ. కిడ్నీ సమస్య లేకపోతే కిలో బరువుకి రోజుకు 1.5 గ్రాములు, అంటే 50 కిలోల మనిషికి 75 గ్రాములు కావాలి. ఆసుపత్రి రాసిచ్చే ఫార్ములా పొడే నయం.

ఫీడుకి ముందూ తర్వాతా 30 మి.లీ. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లు తోయండి. మాత్రలు నూరి వేయొద్దు, సిరప్ ఉందేమో అడగండి. అడ్డుపడితే అవే నీళ్లతో సిరంజిని మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించండి. తీగతో మాత్రం పొడవొద్దు. కలిపిన ఫీడు చెన్నై ఎండకి 4 గంటలు దాటితే పారబోయండి. ట్యూబు ఊడితే మీరు దూర్చకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, పొట్ట మీద ట్యూబు కోసం చేసిన దారి గంటల్లోనే మూసుకుపోతుంది.