‘ఎగ్జిబిషన్ గన్’ అని అమ్మేవాళ్లు చెబితే ముందు ఏం చూడాలి?

మీ ప్రశ్న: 1870ల నాటి జంట గొట్టాల ఇంగ్లిష్ షాట్‌గన్ ఒకటి అమ్మకానికి వచ్చింది, 1878 ప్యారిస్ ఎగ్జిబిషన్‌లో పెట్టారని చెబుతున్నారు, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంది, నమ్మొచ్చా అని.

రుజువు చూపించేదాకా నమ్మకండి. పాత షాట్‌గన్‌లు సేకరించే పిచ్చి నాకు ఏళ్ల తరబడి ఉంది. ఈ ‘ఎగ్జిబిషన్’ మాట విన్నంత తరచుగా, దానికి ఆధారం మాత్రం చూడలేదు. అమ్మేవాళ్లందరూ అబద్ధాలకోరులని కాదు. కంపెనీకి వచ్చిన పతకాన్ని తుపాకికి అంటగట్టడం అలవాటైపోయింది, అంతే. ఆ రోజుల్లో పతకం గెలిచిన తయారీదారు ఆ సంగతి బిల్లుల మీద, పెట్టె మూతలో అంటించే లేబుల్ మీద, ఒక్కోసారి రెండు బ్యారెళ్లను (గొట్టాలను) కలుపుతూ వాటి మధ్య సాగే రిబ్ అనే సన్నటి పట్టీ మీద కూడా వేయించుకునేవాడు. బర్మింగ్‌హామ్ గ్రీనర్ కంపెనీ 1875 లండన్ తుపాకుల పోటీలో గెలిచిన సంగతిని అలాగే తన తుపాకుల మీద చెక్కించుకుంది. మీరు చూస్తున్న తుపాకి మీద ‘ప్యారిస్ 1878 పతకం’ అని ఉంటే ఒక్క క్షణం ఆలోచించండి. పతకం రాకముందే దాన్ని ఎలా చెక్కుతారు? అంటే తుపాకి ఆ ప్రదర్శన తర్వాత తయారై ఉండాలి, లేదా అక్షరాలు తర్వాత పడి ఉండాలి. ఆ రాత అమ్మేవాడి వాదనకు బలం కాదు, అడ్డం.

తారీఖులు, పతకాల పేర్లు కూడా సరిచూడండి. ప్యారిస్‌లో పెద్ద ప్రదర్శనలు 1855, 1867, 1878, 1889, 1900లో జరిగాయి. ‘ప్యారిస్ 1873’ అని ఎవరైనా అంటే, ఆ ఏడు జరిగింది వియన్నాలో. 1851 లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శన పతకాలన్నీ కంచువే. కౌన్సిల్ మెడల్, ప్రైజ్ మెడల్ అని రకాలు ఉండేవి, పాల్గొన్న ప్రతివాళ్లకీ ఇచ్చిన పతకం ఇంకొకటి. కాబట్టి ‘1851లో గోల్డ్ మెడల్ కొట్టిన తుపాకి’ అని వినగానే నేను ఫోన్ పెట్టేస్తాను.

ఇక తుపాకిని విప్పి చూడాలి. ఒక అమ్మకందారు నాకు కూడా 1878 కథే చెప్పాడు. చెక్కడం అద్భుతం, పెట్టె ముచ్చటగా ఉంది. ముందుకొయ్య తీసి, బ్యారెళ్లు విడదీసి, తోటా కూర్చునే చాంబర్ అడుగున ఉండే చదును భాగాన్ని దీపం కింద పెట్టాను. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ (తుపాకులను కాల్చి, బలం పరీక్షించి ముద్ర వేసే సంస్థ) ముద్రలు, వాటి పక్కన వజ్రాకారపు గడిలో బోర్ కొలత 12, దాని కింద సి అక్షరం. ఆ వజ్రం గుర్తు 1887 నిబంధనలతో వచ్చింది. అంతకుముందు, 1875 నుంచి, చోక్ ఉన్న, అంటే మూతి దగ్గర కాస్త ఇరుకైన, బ్యారెళ్ల మీద ‘నాట్ ఫర్ బాల్’ (ఒంటి గుండుకు పనికిరాదు) అని కొట్టేవాళ్లు. అది ఇక్కడ ఎక్కడా లేదు. పాత తుపాకిని తర్వాత మళ్లీ ప్రూఫ్ చేయించడం, బ్యారెళ్లు మార్పించడం మామూలే కాబట్టి అక్కడితో ఆగలేదు. యాక్షన్ (బ్యారెళ్లు వచ్చి బిగుసుకునే లోహపు భాగం) మీది ముద్రలు చూశాను, అవీ ఆ కాలానివే. బ్యారెల్, యాక్షన్, ముందుకొయ్య ఇనుము, మూడింటి మీదా ఒకటే సీరియల్ నంబరు. అంటే మొత్తం తుపాకి 1887 తర్వాతిదే. పెట్టె మాత్రం నిజంగానే పాతది, వేరే తుపాకిది. పెట్టెలు, లేబుళ్లు చేతులు మారినంత సులువుగా తుపాకి భాగాలు మారవు.

రిబ్ మీది చిరునామా కూడా ఉపయోగపడుతుంది. లండన్ తుపాకుల కంపెనీ పర్డీ దుకాణం చాలాకాలం ఆక్స్‌ఫర్డ్ వీధిలో ఉండి, 1880ల మొదట్లో సౌత్ ఆడ్లీ వీధికి మారింది. ఆ రెండో చిరునామాతో తయారైన తుపాకి 1878లో ప్యారిస్ వెళ్లే అవకాశం లేదు. పేర్లతోనూ జాగ్రత్త. వెస్ట్‌లీ రిచర్డ్స్ అనే ఇంగ్లిష్ కంపెనీ పేరును తలపించేలా ‘డబ్ల్యూ. రిచర్డ్స్’ అని చెక్కిన బెల్జియం తుపాకులు అమెరికా బజారులో చాలా తిరిగాయి. కోడిగుడ్డు ఆకారంలో ఇ.ఎల్.జి. అక్షరాల ముద్ర కనిపిస్తే అది బెల్జియంలోని లీజ్‌లో ప్రూఫ్ అయినది. ఆ ముద్ర మీద కిరీటం కూడా ఉంటే 1893 తర్వాతిది.

ఇవన్నీ దాటాక అసలు కష్టం మొదలవుతుంది. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ లాంటి కంపెనీల దగ్గర పాత లెడ్జర్లు ఉన్నాయి. సీరియల్ నంబరు పంపి రుసుము కడితే ఎప్పుడు తయారైంది, ఎవరికి అమ్మారు, బ్యారెల్ పొడవెంత వంటి వివరాలతో ఉత్తరం ఇస్తారు. అమెరికన్ ఎల్.సి. స్మిత్ తుపాకులకైతే వయోమింగ్‌లోని కోడీ మ్యూజియం ఇలాంటి ఉత్తరాలిస్తుంది. కానీ లెడ్జర్‌లో నంబరు ఉంటుంది, ప్రదర్శన మాట సాధారణంగా ఉండదు. ప్రదర్శన కేటలాగ్‌లో ప్రదర్శన ఉంటుంది, నంబరు ఉండదు. 1851 అధికారిక కేటలాగ్‌లో బ్రిటిష్ తుపాకులు 8వ తరగతి కింద వస్తాయి. తయారీదారు పేరు, ఊరు, ‘ఫలానా పద్ధతి జంట తుపాకి’ అన్నంత వర్ణన దొరుకుతుంది. ఆ రెంటికీ మధ్య వంతెన వేయాలంటే ఆనాటి పత్రికల బొమ్మలు, జ్యూరీ నివేదికలు, పేటెంట్ పత్రాలు వెతకాలి. చాలా కేటలాగ్‌లు ఇప్పుడు డిజిటల్ గ్రంథాలయాల్లో ఉచితంగా దొరుకుతాయి. ఫ్రెంచ్ ప్రదర్శనలకు ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి డిజిటల్ గ్రంథాలయం గాలికా చూడండి. బొమ్మలోని చెక్కడం, ఒక వేటకుక్క తల తిరిగిన దిశతో సహా, మీ తుపాకి లాక్ ప్లేట్‌తో (పక్కన ఉండే చెక్కడపు రేకుతో) సరిపోతే అప్పుడు గుండె దడదడలాడుతుంది. నాకు అలా జరిగింది చాలా అరుదు.

ఇరవయ్యో శతాబ్దంలో మ్యూజియం ప్రదర్శనకు అరువిచ్చిన తుపాకుల జాడ పట్టడం దీనికంటే తేలిక. అరువు పత్రం, కేటలాగ్ నంబరు, ఫొటో ఉంటాయి. లోపలి భాగాల మీద సన్నటి సిరాతో రాసిన మ్యూజియం నంబరు కనిపిస్తే తుడవకండి. అదే మీ రుజువు. మెరుగు పెట్టించడం, రంగు మళ్లీ వేయించడం కూడా వద్దు. ముద్రలు అరిగిపోతే ఇప్పటిదాకా చెప్పిన పని దేనికీ ఆధారం మిగలదు.

డమాస్కస్ బ్యారెళ్లయితే (ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి అతికి చేసినవి), గోడ మందం కొలిపించి నిపుణుడు సరే అనేదాకా ఆధునిక తోటా పెట్టకండి. మీ దేశంలో ‘యాంటిక్’ అంటే ఏమిటో చట్టంలో ముందే చూసుకోండి. అమెరికా సమాఖ్య చట్టం 1898 వరకు తయారైన వాటిని ఒక రకంగా చూస్తుంది. బ్రిటన్‌లో పాతదే అయినా ఇప్పటికీ దొరికే 12 బోర్ తోటా పట్టేదైతే లైసెన్సు తప్పదు. బేరానికి దిగే ముందు చదును భాగాల ఫొటోలు దగ్గర నుంచి తీసి పంపమని అమ్మకందారును అడగండి. కథ పొడుగ్గా చెప్పి ఫొటోలు మాత్రం పంపకపోతే, ప్రదర్శన మాట పక్కనబెట్టి, మామూలు తుపాకికి ఎంత ఇస్తారో అంతే చెప్పండి.