మీ ప్రశ్న – మా జవాబు: బోరా బోరాకు గుంపుగా

ప్రశ్న: ఐదుగురు స్నేహితులం ఫ్లైట్ సిమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట) సెస్నా 172 అనే చిన్న విమానాలతో పసిఫిక్ దీవి తాహితి నుంచి మరో దీవి బోరా బోరాకు ఆన్‌లైన్‌లో కలిసి వెళ్తున్నాం. రాత్రి 8కి బయల్దేరితే అంతా చీకటే. పైగా జట్టు చెదిరిపోతోంది. ఏం చేయాలి? – అమలాపురం నుంచి ఓ పాఠకుడు

జవాబు: తాహితి మనకంటే పదిహేనున్నర గంటలు వెనక. మీ 8 గంటలకు అక్కడ తెల్లవారుజాము 4.30. రాత్రి 10.30కి మొదలెట్టండి, లేదా అందరూ సిమ్యులేటర్‌లో ఒకే సమయం, ఒకే వాతావరణం పెట్టుకోండి. వాతావరణం తేడాగా ఉంటే ఒకరికి ఎదురుగాలి, ఇంకొకరికి వెనకగాలి, జట్టు నిలవదు.

అసలు తప్పు ముందున్నవాడిదే అయ్యుంటుంది. అతను ఫుల్ థ్రాటిల్‌లో, అంటే ఇంజిన్ పూర్తి శక్తితో పోతే వెనకవాళ్లకు అందుకునే వేగం మిగలదు. 100 నాట్లు (గంటకు సుమారు 185 కి.మీ.) దాటొద్దనండి. తాహితి పక్కనున్న మూరియా దీవిలో శిఖరం 1,207 మీటర్లు. మబ్బుంటే ఆ దీవి ఉత్తరపు తీరం వెంట సముద్రం మీదుగా పోవడమే మేలు. దారిలో హువాహినే దీవిలో దిగితే వెనకబడ్డవాళ్లు కలుస్తారు.

బోరా బోరా రన్‌వే పెద్ద దీవిలో ఉండదు, ఉత్తరాన మోటు మూటే అనే లంక మీద ఉంటుంది. సుమారు 1,500 మీటర్లు, 172కి ధారాళం. ఒకరు రన్‌వే వదిలాకే మరొకరు దిగాలి.

గాలివాన రోజుల్లో కరెంటు పోయినా ఆట, నెట్ ఆగకుండా యూపీఎస్‌కు కంప్యూటర్‌తోపాటు రౌటర్‌నూ తగిలించండి. చాలామంది దాన్నే మరుస్తారు.