ఉత్తరానికి ఉత్తరం

సందేహం: మాది పర్లాకిమిడి. ఒడియా బడిలో చదివే మా అమ్మాయికి ఇంట్లో తెలుగు నేర్పుతున్నాను. 'రవీంద్రనాథ్ ఠాకూర్, జగదీశ్ చంద్ర బోస్‌ల ఉత్తరప్రత్యుత్తరాలు' అని ఒక వ్యాసం రాయించబోతే, "ఉత్తరమంటే జవాబు కదా, మరి మొదటి చిఠీ ఏమైంది?" అంది. 'లేఖల మార్పిడి' అని మార్చమంటారా?

సమాధానం: అమ్మాయి ప్రశ్న చాలా బాగుంది. సంస్కృతంలో 'ఉద్' మీద 'తర' చేరితే మరింత పైది, తరువాతిది అని అర్థం. ప్రశ్న తరువాత వచ్చేది గనుక జవాబు ఉత్తరమైంది. ఒడియా ఆ అర్థాన్ని అలాగే నిలుపుకుని, రాసి పంపేదాన్ని చిఠి అంటుంది. తెలుగు మాత్రం జవాబునే జాబు చేసింది.

నేను జాబు అన్నది ఊరికే కాదు. ఆ మాటా ఇదే దారిన వచ్చింది. అరబ్బీ 'జవాబ్' పారసీ మీదుగా మనకు చేరి రెండు రూపాలుగా చీలింది. వకారం నిలిచిన 'జవాబు' పాత అర్థాన్ని ఉంచుకుంది. అది జారిన 'జాబు' ఉత్తరమైంది. మరాఠీలో 'జాబ్' అంటే ఇప్పటికీ సంజాయిషీయే. ఒకటి సంస్కృతం, ఒకటి అరబ్బీ. రెండింటినీ తెలుగువాడు ఒకే వైపు తిప్పుకున్నాడు! "మీరు రాసిన జాబు అందింది" అని మొదలుపెట్టే మన పాత అలవాటే ఇందుకు కారణమని నా ఊహ. రాసే ప్రతి ఉత్తరమూ అంతకుముందు వచ్చినదానికి బదులే కదా. ఉత్తర్వు కూడా ఈ ఇంటి మాటే. తాటాకు పేరైన 'కమ్మ'కూ ఉత్తరమనే అర్థం ఉంది. చెవికమ్మ కూడా అక్కడిదే.

'లేఖల మార్పిడి' మాత్రం వద్దు. నోట్లు మార్పిడి చేస్తాం, మూత్రపిండం మార్పిడి చేస్తారు. ఇద్దరు స్నేహితులు రాసుకున్న ఉత్తరాలకు ఆ మాట తగిలించడం ఈమధ్య పత్రికలకు పట్టిన జాడ్యం. 'రాసుకున్నారు' అనే చక్కని క్రియ ఉండగా, ఇంగ్లీషు 'ఎక్స్ఛేంజ్'ను మక్కికి మక్కి దించుకున్న ఈ అరువు ఎందుకు?

పైగా ఆ ఇద్దరివీ బదులుకు బదులు పలికిన ఉత్తరాలు. 1900లో పారిస్ భౌతికశాస్త్ర సదస్సుకు వెళ్ళిన బోస్ ఇంగ్లండులో ఉండి పరిశోధన సాగించాలనుకుంటే, ఠాకూర్ ధైర్యం చెబుతూ రాశాడు; త్రిపుర మహారాజు రాధాకిశోర్ మాణిక్యను అడిగి డబ్బు సాయమూ చేయించాడు. బోస్ అక్కడ తన ప్రయోగాలతో సతమతమవుతూనే, మిత్రుడి కథలను ఇంగ్లీషులో అచ్చు వేయించాలని తిరిగాడు.

కాబట్టి మీ 'ఉత్తరప్రత్యుత్తరాలు' ఉండనివ్వండి. వ్యుత్పత్తిని పట్టి చూస్తే అమ్మాయి అభ్యంతరం న్యాయమే, వాడుకను పట్టి చూస్తే మీ మాట సాధువే. ఒకవేళ ఠాకూర్ రాసిన ఉత్తరాల గురించి మాత్రమే రాస్తే 'ప్రత్యుత్తరాలు' తీసేసి, 'ఠాకూర్ ఉత్తరాలు' అనండి.