డాక్టర్ సలహా: కడుపునొప్పి ఇంట్లో.. మందు స్కూల్లో!

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు. రెండు నెలలుగా పొద్దున లేవగానే కడుపునొప్పి అంటున్నాడు. స్కానింగ్, రక్త, మూత్ర పరీక్షలు అన్నీ నార్మల్. సెలవు రోజుల్లో నొప్పి ఉండదు. గుచ్చి గుచ్చి అడిగితే, క్లాసులో ముగ్గురు పేర్లు పెట్టి ఏడిపిస్తున్నారని, బ్యాగు దాచేస్తున్నారని చెప్పాడు. స్కూల్లో అడిగితే ‘పిల్లలన్నాక ఇవన్నీ మామూలే, మీవాడే మరీ సున్నితం’ అన్నారు. నొప్పికి మందు రాస్తారా? స్కూలు మార్చేయమంటారా? - ఒక తల్లి

జవాబు: మీవాడు నాటకం ఆడటం లేదమ్మా. టెన్షన్ ఎక్కువైతే పేగుల కదలిక మారుతుంది, అక్కడి నరాలు చిన్న కదలికను కూడా నొప్పిగా పసిగడతాయి. స్కానింగ్‌లో ఏమీ కనిపించదు, నొప్పి మాత్రం నిజం. ఎక్కడ నొప్పి అని అడిగితే ఇలాంటి పిల్లలు చాలామంది బొడ్డు చుట్టూ చేయి తిప్పి చూపిస్తారు. బరువు తగ్గడం, నొప్పితో నిద్రలోంచి లేవడం, మలంలో రక్తం, పదే పదే వాంతులు, జ్వరం ఉంటే మళ్లీ డాక్టరుకు చూపించాలి. అవి లేకపోతే మాత్రలతో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఆ ‘మామూలే’ అన్న మాటతోనే నాకు పేచీ. సమఉజ్జీలు ఇద్దరు కొట్టుకుని సాయంత్రానికి కలిసిపోతే అది మామూలే. ముగ్గురు కలిసి ఒకడిని కావాలని, రోజూ ఏడిపిస్తే అది వేధింపు. 1970ల నుంచి దీని మీద పరిశోధన చేసిన డాన్ ఓల్వేయస్ చెప్పిన తేడా ఇదే. 1983లో నార్వేలో ఆయన మొదలుపెట్టిన కార్యక్రమంలో ఎక్కువ పట్టు స్కూలు పద్ధతుల మీదే: ఇంటర్వెల్‌లో పెద్దవాళ్ల కాపలా, క్లాసులో అందరికీ తెలిసిన నియమాలు, తల్లిదండ్రులతో మాటలు.

కాపలా అంటే చిన్న విషయం కాదు. ఒక పాపకు మూత్రంలో ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వచ్చేది. ఆరా తీస్తే, వాటర్ బాటిల్ పొద్దున ఎలా వెళ్లిందో సాయంత్రం అలాగే నిండుగా ఇంటికొస్తోందట. టాయిలెట్ దగ్గర తోటి పిల్లలు అటకాయిస్తారని నీళ్లే మానేసింది. ఆ గుమ్మం దగ్గర ఇంటర్వెల్‌లో ఒక ఆయాను నిలబెట్టాక పాప నీళ్లు తాగడం మొదలుపెట్టింది, నా మందులతో పని తగ్గింది.

అందుకే ఈసారి నోటిమాటగా కాకుండా ప్రిన్సిపాల్‌కు ఉత్తరం ఇవ్వండి. ఏ రోజు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు అన్నది రాసి, ఎవరు చూసుకుంటారో, మళ్లీ ఎప్పుడు కలుద్దామో అడగండి. నలుగురినీ ఎదురెదురుగా నిలబెట్టి షేక్‌హ్యాండ్ ఇప్పించే రాజీకి మాత్రం ఒప్పుకోకండి. పెద్దల ముందు అందరూ తలూపుతారు, గది దాటగానే ‘చెబుతావా?’ అని మళ్లీ మొదలు. ఆ ముగ్గురితో టీచరు విడివిడిగా మాట్లాడాలి. చుట్టూ చేరి నవ్వే పిల్లల సంగతి కూడా చూడాలి. ఫిన్లాండ్‌లోని టుర్కు యూనివర్సిటీ స్కూళ్లలో వేధింపును ఆపడానికి తయారుచేసిన ‘కివా’ పద్ధతికి ఆ ప్రేక్షకులే కీలకం. నవ్వేవాళ్లు తగ్గితే ఏడిపించడంలో సరదా తగ్గుతుంది.

స్కూలు మార్చడం తప్పేమీ కాదు, కానీ అది ఉత్తరానికి స్పందన చూశాక. ఈలోగా రోజుల తరబడి ఇంట్లో ఉంచేయకండి, తిరిగి వెళ్లడం ఇంకా కష్టమవుతుంది. ‘నువ్వూ తిరిగి కొట్టు’ అని నూరిపోయకండి. ‘చచ్చిపోతే బాగుండు’ లాంటి మాట వాడి నోట వచ్చినా, ఒంటి మీద గాట్లు కనిపించినా ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.

మూడు వారాలపాటు నొప్పి వచ్చిన రోజులు, ముందురోజు స్కూల్లో జరిగినవి ఒక కాగితం మీద రాసి పెట్టండి. దాని జిరాక్స్ ఒకటి ప్రిన్సిపాల్‌కు, ఒకటి మీ పిల్లల డాక్టరుకు.