నేవీకి వెళ్తానంటున్నాడు, కోర్టులేమో కేసులు మూసేస్తున్నాయి!

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. ఇక్కడే పుట్టిన మా అబ్బాయి ట్వెల్త్ గ్రేడ్. నేవీ ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్‌కి (కాలేజీ ఖర్చు నేవీ పెట్టుకుని, చదువయ్యాక ఆఫీసరుగా తీసుకునే పథకం) వెళ్తానంటున్నాడు. కోవిడ్ టీకా వద్దన్న సైనికుల కేసుల్ని కోర్టులు మధ్యలోనే మూసేశాయట కదా! రేపు వీడికి అన్యాయం జరిగితే దిక్కెవరు? లా చదివిస్తే మేలా?

జవాబు: అమ్మా, మూసేస్తే ఓడిపోయినట్టు కాదు. అప్పటి అమెరికా రక్షణ మంత్రి ఆస్టిన్ 2021 ఆగస్టులో సైనికులకు టీకా తప్పనిసరి చేశారు. మత విశ్వాసం చెప్పి మినహాయింపు అడిగిన నేవీ సీల్స్ (నేవీ కమాండోలు), మీ పక్కనే ఫోర్ట్‌వర్త్ కోర్టులో 2022 జనవరిలో ఇంజంక్షన్, అంటే కేసు తేలేదాకా తమ మీద చర్య ఆపే ఉత్తర్వు, తెచ్చుకున్నారు. ఆ డిసెంబరులో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) ఆ ఆదేశం ఎత్తేయమని చట్టం చేసింది, 2023 జనవరి 10న టీకా ఆదేశం రద్దయింది. పెళ్లే ఆగిపోయాక ముహూర్తం మీద తగువేముంది? జులైలో అప్పీలు కోర్టు ఆ మాటే చెప్పి అప్పీలు కొట్టేసింది. మన హైకోర్టు ప్లీడర్లు ‘ఇన్‌ఫ్రక్చువస్’ (తేల్చడానికి ఇక ఏమీ మిగలని కేసు) అనేది దీన్నే. కింది కోర్టులో కేసు 2024లో రాజీ అయి, వాళ్ల సర్వీసు రికార్డులు సరిచేశారు.

అయితే ఈలోపు టీకా వద్దన్న 8,000 మందికి పైగా సైనికుల ఉద్యోగాలు పోయాయి. తిరిగి తీసుకోమని ఉత్తర్వు వచ్చింది 2025 జనవరిలో, అదీ అధ్యక్షుడి నుంచి. యూనిఫాం వేసుకున్నాక కోర్టు ఉంటుంది, కానీ నెమ్మది. ఆ మాట దాచను.

నా అనుమానం వేరే చోట ఉంది. ఆర్‌ఓటీసీని ‘ఫీజు లేని కాలేజీ’గా చూడటం మనవాళ్లలో ఫ్యాషనైంది. ఒక తండ్రి నా దగ్గరకు ఎక్సెల్ షీట్ తెచ్చారు. ట్యూషన్, హాస్టల్, పుస్తకాలు పైసలతో సహా లెక్కేశారు. డిగ్రీ తర్వాత నేవీకి ఇవ్వాల్సిన కనీసం ఐదేళ్లకు అందులో ఒక్క గడి కూడా లేదు! ఫీజు కోసమే అయితే వద్దు. వెళ్లినా, రెండో ఏడు మొదలయ్యేలోపు బాకీ లేకుండా బయటికి రావచ్చు.

లా అంటారా, డిగ్రీ తర్వాత ఇంకో మూడేళ్లు. నేవీలోనూ లాయర్లున్నారు, ఆ దారి ఇప్పుడే మూసుకుపోదు.

ఇంతకీ ఇంత రాశారే, టీకా వేయించుకోనని వాడెప్పుడైనా అన్నాడా? స్కూలు టీకాలన్నీ దగ్గరుండి వేయించింది మీరే కదా! చేయి దాటిపోతాడని మీ బెంగ, దానికి కోర్టుల పేరు పెట్టకండి. పదిహేడేళ్ల వాడు ఒక పని కావాలని నోరు తెరిచి అడుగుతున్నాడు, సగం ఇళ్లలో అదే ఉండదు. టెన్షన్ తగ్గించుకోండి. తెల్లవారుజామున ఐదింటికి లేచి పరిగెత్తగలడా, రెండు వారాలు చూడండి. అలారం మాత్రం మీరు పెట్టకండి.